బావ కోసిన సన్న బద్దలు

మొన్న హిందూపురంలో మా ఇంటి షోకేసుకు అద్దాలు బిగించడానికి వడ్రంగి వచ్చాడు. అద్దం చుట్టూ కొట్టే సన్న బద్దలు అక్కడే కోస్తానని చిన్న రంపం మిషన్ ఒకటి ఆటోలో వేసుకొచ్చి వరండాలో పెట్టాడు. నేను వంటింట్లో అలసందలు ఒలుస్తున్నాను. మిషన్ చప్పుడు ఒకే తీరుగా సాగి సాగి, ఉన్నట్టుండి గొంతు మార్చింది. ఒకసారి బరువుగా మూలిగి, వెంటనే సన్నగా కీచుమంది. చేతిలో చాట కింద పడేసి "ఆపప్పా! ఆపు!" అని అరుచుకుంటూ వరండాలోకి ఉరికాను. అతను బెదిరిపోయి స్విచ్చి ఆపేశాడు. చూస్తే బద్ద ఒకటి బ్లేడుకూ, పక్కనున్న ఇనుప పట్టీకీ నడుమ బిగుసుకుని ఉంది. "ఏమ్మా, లోపల కూసోనుండి నీకెట్ల తెలిసె?" అన్నాడు. చెవులున్నాయి కాబట్టి తెలిసిందన్నాను. అతనికి టీ ఇచ్చి నేనూ ఒక గ్లాసు తాగాను. కళ్ళ ముందు మా బావ చెయ్యే కనిపిస్తోంది.

బావ అంటే మా ఆయనకు అన్న. పెనుకొండలో వడ్రంగం షెడ్డు ఉండేది ఆయనకు. రేకుల షెడ్డు, దాని వెనకే మా ఇల్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద. మా ఆయన బస్సు కండక్టరు. తెల్లారి పోతే పొద్దుగూకి వచ్చేవాడు. కాబట్టి పగలంతా ఇంట్లో ఉండేది బావ, ఆయన భార్య, నేను. బావ భార్యను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. తోడబుట్టిన అక్క కంటే ఎక్కువే. బావతో మాత్రం నేను మాట్లాడేదాన్ని కాదు. గొడవపడి కాదు. మా అత్త చాలా గట్టి మనిషి. నేను కాపురానికి వచ్చిన మర్నాడే పిలిచి, మొగుడి అన్న అంటే మామతో సమానమని, ఆయన ఎదురుగా కూర్చోకూడదని, ముఖం చూసి మాట్లాడకూడదని, పేరు అసలే ఎత్తకూడదని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని తల ఊపాను. అలా ఊపిన తల పందొమ్మిదేళ్ళు ఊపుతూనే ఉన్నాను. అత్త పోయినా ఆమె మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మాట్లాడకుండా ఒకే ఇంట్లో ఎలా గడిపారని ఇప్పటి పిల్లలు అడుగుతారు. బ్రహ్మాండంగా గడిపాం. బావకు చారు కావాలంటే కంచం వైపు చూసి "చారుంటే బాగుండు" అనేవాడు. నేను గరిటెకు చెప్పేదాన్ని, "చారు తెస్తాండా" అని. గ్యాసు బండి వస్తే ఆయన పిల్లితో, "బండి వీధి చివర ఉండాది" అనేవాడు. ఆ పిల్లికి మా ఇంటి సంగతులన్నీ తెలుసు. ఆయన బయటినుంచి ఫోను చేసి, అవతల ఎత్తింది నేనైతే, ఏమీ అనకుండా ఊపిరి పీల్చుకుంటూ ఉండేవాడు. ఆ మౌనం వినగానే "అక్కా, నీకే ఫోను" అని పిలిచేదాన్ని. మంచి మనిషి. నాకు జ్వరం వస్తే ఆసుపత్రికి ఆటో పిలిచింది ఆయనే, కాకపోతే ఆటో ఎక్కమని నాకు చెప్పింది పక్కింటి ముసలమ్మ.

షెడ్డులో రంపం మిషన్ పెద్దది. ఇనుప బల్ల, దాని నడిమధ్య చీలికలోంచి పైకి లేచి గిర్రున తిరిగే గుండ్రటి బ్లేడు. పలక పక్కకు జారకుండా ఆనించుకోవడానికి ఒక ఇనుప పట్టీ ఉంటుంది, దాన్ని గైడు అంటారు. బ్లేడు మీద ఒక రేకు మూత ఉండాలి. అది నేను కాపురానికి వచ్చేనాటికే ఊడిపోయి, కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి పనికొస్తోంది. బ్లేడు చుట్టూ బల్ల చీలికను మూసి ఉంచే చిన్న పలక కూడా ఎప్పుడో పోయింది. అక్కడ రెండు వేళ్ళు దూరేంత సందు. బావ ఒక వైపు నిలబడి పలకను తోస్తే, అవతలి వైపు అక్క నిలబడి కోసుకుని వచ్చింది లాగేది. ముప్పై ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ అదే పని. అక్క కంటితో సైగ చేస్తే ఆయన ఆగేవాడు. పలకను తోయడానికి కట్టె ఒకటి గోడకు వేలాడుతుండేది, దాని మీద సాలెపురుగు కాపురం పెట్టింది. "చెయ్యి ఉండగా కట్టె ఎందుకు? దీనికి తెలుసు యాడ ఆగల్లో" అని తన కుడిచెయ్యి పైకెత్తి చూపించేవాడట గిరాకీలకు. అక్క చెప్పి నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. సూది కింద వేలు పెట్టి ఒకసారి కుట్టేసుకున్నాను కూడా. మిషన్‌కు చెయ్యీ గుడ్డా ఒకటేనని నాకప్పుడే తెలిసింది.

నేను కాపురానికి వచ్చిన పందొమ్మిదో ఏట అక్క వాళ్ళమ్మ రొద్దంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను చూసుకోవడానికి అక్క అక్కడికి పోయింది. అదే వారం ధర్మవరం నుంచి ఒక మగ్గం ఆయన వచ్చాడు. నేసే ముందు పట్టు పడుగు దారాలను ఒక పెద్ద దుంగకు చుడతారు కదా, చుట్టేటప్పుడు పొరకూ పొరకూ మధ్య ఒక్కో సన్న బద్ద పెడతారు. లేకపోతే దారాలు ఒకదాంట్లో ఒకటి దిగబడి తెగుతాయి. ఆ బద్దలు కావాలి ఆయనకు, అరవై. పాత బద్ద ఒకటి మాదిరి తెచ్చాడు. పోస్టుకార్డులు రెండు కలిపి పట్టుకున్నంత మందం, అంతే. "దీనికంటే లావుంటే పనికిరావప్పా. ఎల్లుండి తెల్లారి పడుగు వీధిలో పరుస్తాం. రేపు సాయంత్రానికి నా చేతిలో ఉండల్ల" అన్నాడు. బావ ఆ బద్దను గోటితో మీటి, "ఇదేం పెద్ద పనా" అన్నాడు. తర్వాత పిల్లి వైపు తిరిగి, "అవతల లాగేదానికి ఒకరుంటే బాగుండు" అన్నాడు. పిల్లి ఎటో చూసింది. నేను కొంగు నడుముకు చుట్టి దోపుకుని, చేతి గాజులు తీసి కిటికీలో పెట్టి, షెడ్డులోకి పోయాను.

మొదటి రోజు ముప్పై కోశాం. ఆ ముప్పై సార్లూ నేను ఊపిరి బిగబట్టాను. పలక మొదట్లో జానెడు వెడల్పు. గైడుకూ బ్లేడుకూ మధ్య రెండు పోస్టుకార్డుల సందు పెట్టి, పలకను తోస్తూ పోతే ఆ సందులోంచి బద్ద నా వైపు వస్తుంది. చివర్లో పలక తోక బ్లేడు దాటాలంటే ఎవరో ఒకరు దాన్ని ఆ సందులోకి నెట్టాలి. బావ కుడిబొటనవేలితో నెట్టేవాడు. వేలు వచ్చి వచ్చి, బ్లేడు పళ్ళకు అంగుళం దూరంలో చటుక్కున ఆగేది. నేను లాగేదాన్ని. లాగేటప్పుడు ఒకవేళ వంకరగా లాగితే బద్ద బిగుసుకుంటుంది, బిగుసుకుంటే బాణంలా వెనక్కు, ఆయన కడుపులోకే పోతుంది. అది నాకు ఎవరూ చెప్పలేదు. మూడో బద్దకు కొంచెం వంకర పోతే మిషన్ మూలిగిన మూలుగు విని నేనే తెలుసుకున్నాను. దానికితోడు ఒక్కో బద్ద కోసేకొద్దీ పలక సన్నబడుతోంది, దాన్ని అదిమి పట్టిన ఆయన ఎడమచెయ్యి బ్లేడుకు దగ్గరవుతోంది. ఎనిమిది వేళ్ళ దూరం, ఆరు వేళ్ళు, నాలుగు. నేను బద్దలు లెక్కపెట్టడం మానేసి ఆ దూరాన్నే లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. చెప్పాలని ఉంది. కొత్త పలక తీసుకో, ఆ కట్టె తీసుకో అని. నోట్లో మాట ఉంది, పళ్ళు తెరుచుకోవు. ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, మీ అన్నకు చెప్పు అని. "నేను పుట్టకముందు నుంచి కోస్తాండాడు, నువ్వు గమ్మునుండు" అని దుప్పటి కప్పుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి మగ్గం ఆయన వచ్చి షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మూడింటికి కరెంటు పోతుంది, అది రోజూ ఉన్నదే. ఆయనకు బస్సు నాలుగింటికి. ఇంకా పదకొండు బద్దలు మిగిలాయి. "ఏమప్పా, అయిపోయినాయా?" అని రెండు నిమిషాలకోసారి అడుగుతాడు. మొగం మీద ఒక్కటి ఇద్దామనిపించింది నాకు. బావ భుజాలు బిగుసుకోవడం నాకు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. తోసే వేగం పెంచాడు. మిషన్ గొంతు మారుతోంది, ఆయన వినడం లేదు. పలక మూడు వేళ్ళ వెడల్పుకు వచ్చింది. ఇక దాన్ని పక్కన పారేయాలి. పారేయడే! టేకు ముక్క, వృథా పోకూడదు. మళ్ళీ గైడుకు ఆనించాడు.

ఆ బద్ద సగం కోసుకుని రాగానే తోక విరిగింది. విరిగిన ముక్క, చిటికెన వేలంత కూడా లేదు, బ్లేడు పక్కనున్న ఆ పెద్ద సందులోకి తల దూర్చి, నిలువుగా నిలబడి టకటకా ఆడుతోంది. బ్లేడు తిరుగుతూనే ఉంది. ఎప్పుడూ చేసేదే చేశాడాయన. దాన్ని ఎగరగొట్టడానికి ఎడమచేతి వేళ్ళు చాపాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి మగ్గం ఆయన, "కరెంటు పోయేటట్టుండాది చూడప్పా" అన్నాడు. వేళ్ళు బ్లేడు వైపు పోతున్నాయి. నాకు కనిపిస్తోంది. గొంతు చించుకుని అరిచాను. ఏమని అరిచానో తెలుసా? "అక్కా!" అని.

పందొమ్మిదేళ్ళ అలవాటు. బావకు ఏం చెప్పాలన్నా ముందు నా నోటికి వచ్చేది ఆ మాటే. అక్క ఎక్కడుంది? రొద్దంలో ఉంది. పాపం, ఆయన ఏమనుకున్నాడు? పెళ్ళాం వచ్చిందనుకున్నాడు. తల తిప్పి వాకిలి వైపు చూశాడు. తల తిరిగింది కానీ చెయ్యి ఆగలేదు, చూపు లేకుండానే బ్లేడు వైపు పోతోంది. నేను ఆపబోయి ఇంకా చెడగొట్టాను. అప్పుడు లోపల ఏదో తెగింది. "బావా! చెయ్యి తియ్యి! తియ్యి!"

ఆయన నిప్పు తొక్కినట్టు వెనక్కు గెంతాడు. అదే ఊపున ఆ ముక్కను బ్లేడు పట్టుకుని విసిరింది. ఆయన నిలబడిన చోటు మీదుగా పోయి, వెనక ఆనించిన ప్లైవుడ్ షీటులో దిగబడి నిలిచింది. ఆయన స్విచ్చి మీద అరచెయ్యి కొట్టాడు. బ్లేడు ఆగడానికి ఎంతసేపు పట్టిందో! అది తిరిగినంతసేపూ ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆగాక ఆయన ఎడమచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. బొటనవేలి గోరు పక్కన తోలు చెక్కుకుపోయి, నెత్తురు రంపపు పొట్టు మీద చుక్కలుగా పడుతోంది. అంతే. వేళ్ళన్నీ ఉన్నాయి. మగ్గం ఆయన ముందుగా తేరుకున్నాడు. "ఏమ్మో, ఇంత గొంతు పెట్టుకోని ఎన్నాళ్ళూ యాడ దాస్తివి?" అన్నాడు. ఉన్న యాభై బద్దలూ మోపు కట్టుకుని, మిగతా పదీ తర్వాత పంపమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. బావ గోడతో మాట్లాడలేదు, కంచంతో మాట్లాడలేదు, ఆఖరికి పిల్లితో కూడా మాట్లాడలేదు. షెడ్డు తెరవలేదు. మా ఆయన సంగతి తెలుసుకుని నా మీదే లేచాడు. "అన్నను 'తియ్యి' అంటివా? నోటికి హద్దు లేదా నీకు?" నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. "తీయండి అనేలోపల వేలు పోయింటే, అప్పుడు మీ అన్నకు అన్నం నువ్వు తినిపిస్తాంటివా?" అన్నాను. కానీ లోపల భయంగానే ఉంది. బావకు అవమానమైందేమో, వేరు పొయ్యి పెట్టుకోమంటాడేమో, అక్క నా ముఖం చూడదేమో అని. చెయ్యి దక్కింది, ఇల్లు పోతుందేమోనని ఆ మూడు రోజులూ తిండి సయించలేదు.

నాలుగో రోజు అక్క వచ్చింది. సంచి దించకముందే అంతా విని, ముందు బావ చెయ్యి పట్టుకుని కట్టు విప్పి చూసింది. తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆపైన మొగుణ్ణి కడిగిపారేసింది. "పాప అరచకుంటే ఏమైంటివి? ముప్పై ఏండ్లు నేను సైగ చేస్తే నిలిస్తివి గదా. సైగకు మర్యాద, మాటకు లేదా?" బావ లేచి షెడ్డులోకి పోయాడు. కాసేపటికి అక్కడినుంచి పిలుపు వినిపించింది. "పాపా, ఈడ రా."

అక్కను పిలుస్తున్నాడేమో అనుకున్నాను. అక్కను ఆయన ఎన్నడూ పాపా అనలేదే! పోయి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మిషన్ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. "నువ్వు అవతల నిలబడి రెండు దినాలు చూస్తివి. నాకు కనపడనిది నీకు కనపడె. చెప్పు. యాడ తప్పు చేస్తాండా నేను?" అన్నాడు. నేను కూడా మిషన్‌నే చూస్తూ మొదలుపెట్టాను. కుట్టుమిషన్‌లో సూది దిగే బెజ్జం పెద్దదైతే పల్చటి గుడ్డను లోపలికి లాగేసుకుంటుంది, ఇక్కడా అంతే, ముందు ఆ సందు మూయాలన్నాను. ఆయన ఆ సందుకు సరిపోయే చెక్క పలక ఒకటి చేసి బిగించి, దాన్ని పొడుగు కట్టెతో గట్టిగా అదిమి ఉంచి, తిరిగే బ్లేడును కిందనుంచి మెల్లగా లేపాడు. బ్లేడు తనకు తాను దారి కోసుకుని పైకొచ్చింది. దాని పక్కన వెంట్రుకంత సందు కూడా లేదు. తర్వాత, బద్ద గైడుకూ బ్లేడుకూ మధ్య ఎందుకు ఇరుక్కోవాలి, అవతలి పక్కకు పడేట్టు కోయకూడదా అన్నాను. "ఒక్కో బద్దకూ గైడు జరుపుకోవల్ల గదా, పొద్దు పోతాది" అన్నాడు. పోనీ అన్నాను. వెడల్పు ఐదు వేళ్ళకంటే తగ్గిన పలకను ముట్టుకోవద్దన్నాను. బ్లేడు పూర్తిగా నిలిచేదాకా చిన్న ముక్కను ఎవరూ తాకకూడదన్నాను. చివరికి, ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, తలెత్తి ఆయన ముఖంలోకి చూసి, "నేను ఆపమంటే ఆపల్ల. ఎందుకని అడగొద్దు" అన్నాను. ఆయన కూడా నన్ను చూశాడు. ఆయన కళ్ళు కొంచెం పిల్లికళ్ళని నాకు ఆ రోజే తెలిసింది. "సరే" అన్నాడు. గోడకున్న కట్టె తీసి, సాలెగూడు దులిపి, బల్ల మీద పెట్టుకున్నాడు.

మిగిలిన పది బద్దలూ ఆ సాయంత్రం కోశాం. పొద్దు పోయింది, పోనీ. ఒక్కటీ విరగలేదు.

ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. అబ్బా, ఎన్ని మాటలో! మా బావ ఇంత వాగుడుకాయని ఎవరికి తెలుసు? పెనుకొండ కొండెక్కి చిన్నప్పుడు సీతాఫలాలు దొంగిలించింది, మొదటి తలుపు వంకరగా వచ్చి వాళ్ళ నాయన చేత దెబ్బలు తిన్నది, అక్కను చూడటానికి పోయి సిగ్గుతో ఆమె చెల్లెల్ని చూసి వచ్చింది, అన్నీ నాకు చెప్పాడు. కూరలో ఉప్పెక్కువైతే నేరుగా నాతోనే పోట్లాడేవాడు. నేనూ తగ్గేదాన్ని కాదు. మా ఆయన మొదట్లో ముఖం ముడుచుకుని, తర్వాత తనే మధ్యలో దూరి నవ్వేవాడు. మిషన్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ మాటల్లేవు. అక్కడ నేను అనే మాట ఒకటే, అది అన్న ప్రతిసారీ ఆయన చేతులు గాల్లోకి లేచేవి.

ఆయన పోయి మూడేళ్ళయింది. నిద్రలోనే పోయాడు. పొద్దున అందరూ రాకముందు అక్క ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కో వేలూ పట్టుకుని నిమురుతూ, ఎడమ బొటనవేలి దగ్గర కాసేపు ఆగి, నన్ను దగ్గరికి పిలిచింది. "చూడే, పదీ ఉండాయి. పదీ నాకు మిగిల్చి పోయె" అంది. అక్క ఏడుస్తోంది, నేనూ ఏడ్చాను. అక్క ఏడ్చింది ఆ చేతుల కోసమే. నా ఏడుపు మాత్రం ఇంకో దానికి కూడా. ఆయనతో నేను మాట్లాడింది ఏడేళ్ళు. అంతకుముందు పందొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీది అన్నం తింటూ, ఇంత మంచి మనిషి పక్కనే ఉన్నాడని తెలియకుండా గడిపేశాను. ఆ ఏళ్ళను ఎవరూ మా నుంచి లాక్కోలేదు, మేమే వాటిని ఖర్చు చేయకుండా పోనిచ్చాం.